జమేదారు దిగిన చోటు

కథకు సొంత కాళ్లు లేవు. వినేవారు ఊఁ కొట్టినంత దూరమే అది నడుస్తుంది, వారు ఆవులించిన చోట చతికిలబడుతుంది. ఊఁ కొట్టేందుకు ఒక్కరైనా ఉన్నారని నమ్మి మొదలుపెడుతున్నాను.

అనగనగా, రాజులూ రాజ్యాలూ ఉన్న కాలంలో కాదు, చేతిచేతికీ ఫోను ఉన్న ఈ కాలంలోనే, పుంగనూరు దాటి చౌడేపల్లెకు వెళ్లే దారి పక్కన ఈశ్వరమ్మ టీ అంగడి ఉండేది. అంగడి వెనుక రేకుల పాకలో ఆమె టర్కీ కోళ్లను పెంచేది. పెట్టలు అరడజను, పుంజు ఒక్కటే. నల్లని రొమ్ము విరుచుకొని, తోకను విసనకర్రలా విప్పి, ముక్కు మీది ఎర్రని కండను చిన్న తొండంలా వేలాడదీసుకొని పాక ముందు పచార్లు చేసే ఆ పుంజును చూసి, దారిన పోయేవారే దానికి జమేదారు అని పేరు పెట్టారు.

జమేదారుకు రెండు అలవాట్లు ఉండేవి. ఎక్కడ పెద్ద చప్పుడైనా, అది బస్సు హారను కానీ, ఉరుము కానీ, మనుషుల నవ్వు కానీ, గుళగుళగుళమని వెంటనే బదులిచ్చేది. మెరిసే వస్తువులో తన నీడ కనబడితే మరొక పుంజు తన రాజ్యంలోకి వచ్చిందని తలచి పొడిచేది. అందుకే ఈశ్వరమ్మ స్టీలు పాలక్యానుకు ఎప్పుడూ గోనెసంచి చుట్టి ఉంచేది. సంచి కింద ఆ క్యాను నడుమ భాగమంతా సన్నని సొట్టలు.

శివరాత్రి మరునాడు జమేదారు కనబడకుండా పోయింది. ఉదయం అంగడి ముందు గడ్డి ట్రాక్టరు ఆగింది, ఆటోలు ఆగాయి, పాలబండి ఆగింది. ఆ సందడి తగ్గాక చూస్తే పాక ముందు పుంజు లేదు. కొండెక్కి అడవికోడి అయిపోయిందని కొందరన్నారు. కుక్కలు తిన్నాయని కొందరన్నారు. అప్పటి నుంచి పెట్టలు గుడ్లు పెడుతున్నాయి కానీ, పుంజు లేని గుడ్లు ఎంత పొదిగినా పిల్లలు కావు. చింత చిగురు వేసింది, వేప పూతకు వచ్చింది, ఉగాది దగ్గరపడింది. ఎండలు ముదిరితే పొదుగు కాలం దాటిపోతుంది. పాకను ఇంక నిలుపుకోలేనని ఈశ్వరమ్మ కుప్పం కోళ్ల వ్యాపారి దొరస్వామికి కబురు పంపింది. ఆయన ఆ ఉదయం చిన్న వ్యాను తీసుకొని, వెదురు గంపలతో సహా వచ్చి, టీ తాగుతూ కూర్చున్నాడు. పెట్టలను కుప్పం సంతకు చేర్చడమే మిగిలింది. వాటిని గుప్పెడంత పిల్లలుగా ఉన్నప్పటి నుంచి తన చేతి గింజలతో పెంచినది గనుక, ఈశ్వరమ్మ మాత్రం ఆయన గ్లాసులో టీ తరిగినప్పుడల్లా మళ్లీ నింపుతూ ఉంది.

అదే సమయానికి రెడ్డెప్ప మోటారుసైకిలు వచ్చి ఆగింది.

రెడ్డెప్ప చౌడేపల్లె దగ్గరి పల్లెలో ఆవులు పెంచుకొనే రైతు. పుంజు పోయిన నాడే, దాన్ని ప్రాణాలతో పట్టి తెచ్చే పూచీ నాదని ఆయన ఈశ్వరమ్మకు మాట ఇచ్చాడు. అడవి పక్షిని పట్టాలంటే వల కంటే ముందు, ఆ వల పరచుకొని ఎక్కడ కూర్చోవాలో తెలియాలన్నాడు. ఆ చోటు వెదకడానికే ప్రతి ఉదయం ఇంటి నుంచి బయలుదేరుతున్నాడు. బయలుదేరినవాడు ఈ అంగడి బెంచీ దగ్గర ఆగుతున్నాడు. మధ్యాహ్నం దాకా తాను చూసివచ్చిన చోట్లను వర్ణించి, మళ్లీ ఇంటికి పోతున్నాడు.

ఆటో నడిపే మునిచంద్ర బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. బండి కుడివైపు అద్దం పగిలి ఉండటం చూసి ఏమైందని అడిగాడు. అది తరువాత వస్తుంది, ముందు జరిగింది ముందు చెప్పాలని రెడ్డెప్ప అన్నాడు. అప్పుడే ఆయన కన్ను గంపల మీద పడింది. వ్యాను మీద పడింది. ఈశ్వరమ్మ మొగం మీద పడింది. సంగతి గ్రహించి, టీ కూడా అడగకుండా మొదలుపెట్టాడు.

"తొందరపడొద్దు ఈశ్వరమ్మా. దొరస్వామన్నా, నువ్వు గూడా గ్లాసు కింద పెట్టి ఇను. ఈ పొద్దు చోటు దొరికింది. అబద్ధం ఆడేవాడైతే పోయిన వారమే దొరికిందని చెప్పుండును. నేను అట్ల చెప్పినానా? లేదు. కోడి కూయక ముందే లేసి, ఎవురికీ చెప్పకుండా చౌడేపల్లె కొండ కిందికి పోతి. పోయి ఏం చేసినానో తెలుసా? ఏమీ చేయలే. ఊరికే కూర్చున్యాను. పిట్ట రాత్రి యాడ పడుకుంటాది, తెల్లారి యాడ దిగుతాది, ఎండెక్కినాక యాడ దుమ్ములో పొర్లాడతాది, ఇవి కనుక్కొనేదానికి నడవకూడదప్పా, కూర్చోవల్ల."

కూర్చోవడంలో నిన్ను మించినవాడు ఈ మండలంలో లేడులే మామా, ఈ బెంచీ సాక్ష్యం చెబుతుంది అన్నాడు మునిచంద్ర. రెడ్డెప్ప ఆ మాటను పొగడ్తగా స్వీకరించి ముందుకు సాగాడు.

కానుగ చెట్ల కింద ఎండుటాకులు చెదిరి ఉన్నాయట. కోడి గీరిన గీతలట. ఇంకొంచెం ముందుకు పోతే మెత్తని దుమ్ములో గిన్నెలాంటి గుంట, అంచున ఒక నల్లని ఈక. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. దొరస్వామి కూడా, అడవి పక్షి అలాగే పొర్లుతుందని ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలు రెడ్డెప్పకు కొత్త బలమిచ్చింది.

"ఆ గుంట పక్కనే అడుగు కనపడింది. ఎంతుండాదనుకొంటారు?"

జానెడు ఉంటుందని దొరస్వామి అన్నాడు.

"జానెడా? తాటాకంత. ఈ చివర నేను నిలబడితే ఆ చివర నిలబడేదానికి ఇంకో మనిషి కావల్ల. ఇంత బారు కాలుంటే పిట్ట ఎంతుంటాదో మీరే లెక్క కట్టుకోండి. నా తలకాయ మింద ఇంకో తలకాయ పెట్టినా దాని రొమ్ముకు రాదు."

"మా జమేదారు అంత లేదే రెడ్డెప్పన్నా," అంది ఈశ్వరమ్మ. "నా నడుం దాకా గూడా రాదు."

"అది నీ రేకుల కింద ఉన్నప్పుడు. కొండగాలి తిన్యాక పెరగదా? చింత చిగురు, మామిడి పిందె, తేనెతుట్టెలు, ఇవన్నీ తింటాంటే నువ్వూ నేనూ అయినా పెరుగుతాము."

ఆపై రెడ్డెప్ప చెప్పినదాని ప్రకారం, ఆయన ఒక చెట్టుకు వీపు ఆనించి, ఎండను వెనక్కీ గాలిని ముందుకూ పెట్టుకొని, పెట్ట గొంతుతో మెల్లగా కూశాడు. పెట్ట కూత మెల్లగా ఉండాలి, గట్టిగా కూస్తే పుంజుకు అనుమానం వస్తుంది. మూడు పక్కలా నిశ్శబ్దం. నాలుగో పక్క నుంచి బదులు వచ్చింది. ఆ పక్క ఏది? మదనపల్లె. మదనపల్లెకు అవతల హార్స్‌లీ కొండ మీద నుంచి.

"ఈడికి ఆడికి ఎంత దూరమో మీకు తెల్సు. అంత దూరం నుంచి గుళగుళమనింది, నా చెవిలో రహస్యం చెప్పినట్ల ఇనపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పొద్దు మదనపల్లె మార్కెట్లో టమోటా యాలం జరగతా ఉండాది. యాలం పాడేవాడు ఆ కూత ఇని, ఎవురో పాట పెంచినారనుకొన్యాడు. ఇంకోసారి గుళగుళ, ఇంకా పెంచినాడు. అట్ల మార్కెట్లో ఉండే టమోటా అంతా జమేదారు పేరు మిందనే కొట్టేసినారు. లారీలు నిండుకోని నిలబడి ఉండాయి, ఎవురి ఇంటికి తోలాల్నో తెలీక."

టమోటాలు కుళ్లిపోకముందే ఈశ్వరమ్మ అంగడికి తోలితే చట్నీ అయినా చేసుకొంటుందని మునిచంద్ర అన్నాడు. బెంచీ మీద నవ్వులు లేచాయి. ఈశ్వరమ్మ కూడా నవ్వింది కానీ, నవ్వు మధ్యలోనే ఆమె చూపు అలవాటు చొప్పున పాక వైపు పోయింది. ఇదివరకైతే ఇంత నవ్వుకు అక్కడి నుంచి గుళగుళమని బదులు వచ్చేది. ఇప్పుడు రాలేదు. ఆమె చేతులు తుడుచుకొని, ఇంక చాలు, గంపలు ఎత్తించుకో అన్నా, అని దొరస్వామితో మెల్లగా అంది.

దొరస్వామి లేచి పాకలోకి పోయాడు. పెట్టలు ఒక్కొక్కటిగా గంపల్లోకి వెళ్లడం, రెక్కలు వెదురుకు తగిలి టపటపలాడడం బెంచీ మీదివారందరికీ వినబడుతూనే ఉంది. రెడ్డెప్ప గొంతు అంతకంతకూ పెద్దదైంది. ఆ కోతలన్నింటి అడుగున ఒక్క నిజం మాత్రం ఉండేది. ఆ పెట్టలు ఆ వ్యాను ఎక్కకూడదని ఆయన మనసారా కోరుకొన్నాడు. వ్యానును ఆపడానికి మాట తప్ప మరొక సాధనం ఆయన దగ్గర లేదు.

"కుప్పం ఏల పోతావు దొరస్వామన్నా, కుప్పం సంగతే చెప్తాండా, ఈడికి రా. హార్స్‌లీ కొండ మింద మనుషుల సందడి ఎక్కువని జమేదారు లేసి, ఒక్క ఎగురుతో కుప్పం అడివిలో దిగింది. నేను ఊరుకొంటినా? బండి తోలుకోని గంగవరం మీదుగా నేనూ పోతి. పోతే ఆడ ఏనుగులు. ఒకటి గాదు, రెండు గాదు, పెళ్లికొచ్చినట్ల గుంపు గుంపు. జమేదారు వాటి నడిమధ్యన నిలబడి ఉండాది. తొక్కేయలేదా అంటారేమో. ఎట్ల తొక్కుతాయప్పా? దాని ముక్కు మింద కండ సూసినారా మీరు? తొండం. తొండం ఉండేసరికి ఇది మా చిన్నాయన బిడ్డే, తిండిలేక సన్నబడింది అనుకోని, ఏనుగులన్నీ సేరి నీళ్లు పోసి తానం చేయిస్తా ఉండాయి."

దొరస్వామి చేతిలో గంప పట్టుకొనే పాక వాకిట్లో నిలబడిపోయాడు. తాను పుట్టింది, పెరిగింది కుప్పంలోనేనని, అక్కడి ఏనుగులు మనిషిని చూస్తే తానం చేయించవని ఆయన చెప్పాడు.

"అవి నీకు తెల్సిన ఏనుగులు. నేను చెప్పేవి వేరే, కర్ణాటకం నుంచి కొత్తగా వచ్చినేవి, వాటి మర్యాదే వేరు. సరే, కూర్చునేదానికి చోటు కావల్ల గదా. ఈపుకు ఆనుకొనేదానికి భుజాల కన్నా ఎడల్పు మాను ఉండల్ల, లేకుంటే పిట్ట కనిపెడుతుంది. ఆ అడివిలో అంత ఎడల్పు మాను లేదు. ఏం చేసేది? ముసలేనుగు ఒకటి నా కష్టం సూసి, వచ్చి నా ఎనకాల మాను మాదిరి నిలబడింది. దాని కాలికి ఆనుకోని కూర్చున్యాను. తొండంతో నా ముందర ఆకులన్నీ ఊడ్చి, గాలి ఎటు పక్కదో సెవులు ఇసిరి సూపించింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఏనుగుకు తిమ్మిరెక్కి ఉంటుందన్నాడు మునిచంద్ర.

"తిమ్మిరి ఎక్కింది, నిజమే, కాలు మార్చింది. ఆ సప్పుడుకు జమేదారు తలెత్తి రెక్కలిప్పింది. అంతే, మిట్టమధ్యాన్నం చీకటి. బస్సులన్నీ లైట్లు ఏసుకొన్యాయి. బెంగళూరు రైలు సొరంగంలోకి వచ్చినాననుకోని కూత పెట్టింది. ఆ కూతకు ఇది గుళగుళమనింది, దీనికి రైలు మళ్లా కూసింది, ఇట్ల ఆ రెండూ మాట్లాడుకొంటాంటే కుప్పం టేసన్లో జనం ప్లాట్‌ఫారం మిందనే నిద్దరపోయినారు. నేను వల ఇసిరితి. అది వలతో సహా లేసింది. నేను వల ఇడవలే. నా కాలు బండికి తగులుకోనుండాది, బండి గూడా లేసింది. పలమనేరు పైన, పుంగనూరు పైన, మదనపల్లె పైన, మిద్దెలు అగ్గిపెట్టెల మాదిరి కనపడతాంటే, చుక్క పెట్రోలు కాలకుండా తిరిగినాము. ఇంగ నమ్మరేమోనని గురుతు గూడా తెచ్చినా. అదో, ఆ బండద్దం సూడండి. హార్స్‌లీ కొండ కొన తగిలి పగిలింది. సీటు మింద గీతలు సూడండి, జమేదారు గోళ్లు. రేపు తెల్లారికి అది యాడ దిగుతాదో నాకు తెల్సు. చోటు దొరికిందని అందుకే చెప్పినా. ఒక్క పొద్దు ఆగు ఈశ్వరమ్మా."

అందరూ అద్దం వైపు చూశారు. చూసి, కొండ కొన అంత చిన్నదా అని నవ్వబోయారు. ఈశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. టీ గరిటె పక్కన పెట్టి, బండి దగ్గరికి నడిచి వెళ్లి, అద్దాన్ని దగ్గరగా చూసింది. కింద పడి పగిలిన అద్దం అంచు నుంచి చీలుతుంది. ఈ అద్దం నట్టనడుమ సన్నని గుంటలు పడి, అక్కడి నుంచి చీలింది. ఆమె వెనక్కి వచ్చి, పాలక్యాను మీది గోనెసంచి తొలగించి, ఆ సొట్టలను వేలితో తడిమింది. మళ్లీ పోయి అద్దాన్ని తడిమింది.

"రెడ్డెప్పన్నా," అంది. "రాత్రిపూట ఈ బండి యాడ పెడతావు?"

"ఇంటికాడనే, పెరట్లో. గడ్డివామి పక్కన."

"ఆ గడ్డి ఎప్పుడు తోలించుకొన్యావు?"

రెడ్డెప్ప ఏదో చెప్పబోయి ఆగాడు. ఆ బెంచీ మీద ఆయన ఆగడం అదే మొదటిసారి. శివరాత్రి మరునాడు, అన్నాడు చివరికి. ట్రాక్టరువాడు ఇక్కడే టీ తాగిపోయాడని తానే జ్ఞాపకం చేసుకొన్నాడు.

ఈశ్వరమ్మ ఫోను తీసి, రెడ్డెప్ప భార్య నారాయణమ్మకు చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి బెంచీ మీద ఉంచింది. దొరస్వామి గంప కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"నారాయణమ్మా, మీ పెరట్లో కొత్తకోడి ఏమన్నా ఉండాదా?"

"ఆ మోటుకోడి గురించేనా అక్కా?" అంది ఫోనులోని గొంతు. "గడ్డి ట్రాక్టరు మింద కూర్చోని వచ్చి దిగింది. నల్లంగా ఉంటాది, ముక్కు మింద తోలు ఏలాడతా ఉంటాది. ఎవురిదో ఏమో, అడిగే దిక్కులేదు, పాపమని రాగులు ఏస్తాండాను. బండద్దం కనపడితే ఇడిసిపెట్టదు, నిన్న పగలగొట్టేసింది గూడా. ఏలక్కా?"

"అది మా జమేదారమ్మా. నెల నుంచి మీ ఆయన వెతుకుతాండేది దాన్నే."



"అట్లెట్లవుతాదక్కా," అంది నారాయణమ్మ. "రోజూ రాత్రి అన్నం తింటా చెప్తాడు గదా. అడుగు తాటాకంత, ఎత్తు మిద్దెంత, రెక్కిప్పితే ఊరంతా నీడ అని. ఇదేమో నా నడుం దాకా గూడా రాదు. ఇది అదెట్లవుతాదిలే అనుకోని నేను నోరెత్తలే. ఆయన గూడా పొద్దున్నే బండి మిందినుంచి దీన్ని అదిలించి దించి, సీటు తుడుసుకోని, జమేదారును వెతకను పోతాండాడు."

మునిచంద్ర నోటిలోని టీ బయటికి వచ్చింది. ఆ వెనుక లేచిన నవ్వుకు దారిన పోయే పాల ఆటో ఆగింది. ఆ నవ్వు ఫోను గుండా చౌడేపల్లె దగ్గరి పల్లెకు, అక్కడ రెడ్డెప్ప పెరటికి చేరింది. చేరిన మరుక్షణమే, స్పష్టంగా, కోపంగా, ఎవరూ పొరబడడానికి వీలులేకుండా ఫోనులో నుంచి బదులు వచ్చింది.

గుళగుళగుళ.

పాక వాకిట గంపల్లోని పెట్టలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ఒక గంప దొర్లిపోయింది. దొరస్వామి దాన్ని పట్టుకొని నిలబెట్టి, ఈశ్వరమ్మ మొగం ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా మూత తీశాడు. రెండో గంప మూత కూడా తీశాడు. వ్యాను వెనుక తలుపు మూసి వచ్చి, పుంజును తెచ్చేందుకు బండి కావాలంటే తన బండి ఖాళీగానే ఉందన్నాడు. ఈశ్వరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకొంటూ, నవ్వుతూ, ఆయనకు మళ్లీ టీ పోసింది.

అందరూ రెడ్డెప్ప వైపు తిరిగారు. ఆయన తల వంచుకొని కూర్చున్నాడు. ఇంక ఈయన నోరు మూతపడినట్లేనని మునిచంద్ర తలచాడు. అంతలో రెడ్డెప్ప నెమ్మదిగా తలెత్తి, అందరినీ ఒకసారి కలయజూశాడు.

"నేను మొదటి నుంచీ చెప్తాండేది అదే గదప్పా. వేటంటే చోటు. చోటు సరిగా చూసుకొన్యోడికి పిట్ట తనంతట తానే ఇంటికి వస్తాది. ట్రాక్టరెక్కి వస్తాది."

ఆ సాయంత్రం జమేదారు దొరస్వామి వ్యానులో, ముందు సీట్లో కూర్చొని, అద్దాన్ని పొడుస్తూ పాకకు తిరిగి వచ్చింది. ఎండలు ముదరకముందే పెట్టలు పొదుగుకు కూర్చొన్నాయి. ఆ ఏటి పిల్లల్లో ఒక జత చౌడేపల్లె దగ్గరి ఒక పెరటికి చేరింది. వాటి సంతతి నేటికీ మా గడ్డివామి మీద పడుకొంటుంది.

మా అని ఎందుకన్నానో మీరు అడగవచ్చు. రెడ్డెప్ప మా తాత. ఆయన నోట ఈ కథ వింటే ఫోను ఉండదు, అద్దం కొండకు తగిలే పగులుతుంది, పుంజును ఏనుగు మోసుకొని వచ్చి దింపుతుంది. నేను చెప్పినది అది కాదు. ఫోనులో ఆఖరి మాటలు మాత్రమే విని, మిగిలినదంతా తన కళ్లతో చూసినట్లే చెప్పే మనిషి నుంచి నాకు సంక్రమించినది ఇది. నా చిన్నప్పుడు ఆమె చెప్పిన జమేదారు ఆమె నడుము దాకా వచ్చేది కాదు. మొన్న చెప్పినప్పుడు భుజం దాటింది. అయినా, రాగులు చెరుగుతూ, నేను ఊఁ కొడుతుంటే, నాకు ఈ కథ మొట్టమొదట చెప్పినది ఆమే, మా అవ్వ నారాయణమ్మ.